నలభై గజాల నీడ

నవంబరు 3, సోమవారం

నా చేతిరాత బాగుండదు. ఒత్తు ఒక చోట పెట్టబోతే ఇంకో చోట పడుతుంది. ఊళ్ళో అయిదో తరగతి దాకా చదివాను. తర్వాత పలక వదిలి పడుగు పట్టుకున్నాను. ఎవరైనా ఇది చదివితే తప్పులు మన్నించాలి. ఎవరూ చదవరు. అయినా ముందే చెప్పుకోవడం మర్యాద.

రాయమన్నది గౌరమ్మ. "చూడబోయే సందులన్నీ కలిపి కలగాపులగం చేస్తాండావు. నోరు ఎట్లాగూ తెరవవు. కాగితం మీదన్నా పెట్టు" అంది. పట్టు అంగడివాళ్ళు ఇచ్చిన డైరీ ఖాళీగా ఉంది. యాభై ఏళ్ళ కాపురంలో నా భార్య నన్ను రాయమనడం ఇదే మొదలు.

విషయం ఏమిటంటే, కొత్త సంవత్సరం నుంచి మా సందు మాకు ఉండదు. నగర్తపేటలో రెండు వరసల ఇళ్ళ వెనక గోడల మధ్య ఉంది అది. నలభై గజాలు, ఎక్కడా వంకర లేదు. పొద్దున తొమ్మిది దాకా నీడ. నలభై రెండేళ్ళుగా తెల్లవారగానే అందులో పట్టు పడుగు, అంటే చీరకు నిలువు దారాలు, పరిచి, గంజి పట్టించి, ఆరబెట్టి, చుట్టి నేతవాళ్ళకు ఇస్తున్నాం. గంజి పట్టని పడుగు మగ్గం మీద నిలవదు, తెగుతుంది. ఒక కొసన నేను తాడు పట్టుకుంటాను. అవతలి కొసన చెన్నరాయప్ప. నాకంటే మూడేళ్ళు పెద్ద, అన్నా అంటాను. మధ్యలో కుంచె పట్టుకుని నడిచేది భాగీరథమ్మ. మాకు అంగడి లేదు, బోర్డు లేదు. ఆ సందే మా వ్యాపారం.

మొన్న ఎవరో వచ్చి రెండు పక్కలా పసుపు గీతలు గీసిపోయారు. జనవరి నుంచి అక్కడ బండ్లు నిలుపుతారు.

రెండు నెలలు ఉంది. చాలు. బెంగళూరు పెద్దది. నలభై గజాల నీడ ఎక్కడో ఉంటుంది.

నవంబరు 5, బుధవారం

మొదటి సందు చూశాం. మార్కెట్ వెనక. తాడు పరిచి కొలిస్తే ముప్పై గజాలు.

"దీంట్లో పడుగు కాళ్ళు ముడుచుకొని పండుకోవాల" అన్నాడు చెన్నరాయప్ప.

నిజమే.

నవంబరు 7, శుక్రవారం

చిలకపచ్చ పడుగు వేశాం. మంచు ఇంకా విడవలేదు. సందంతా నీళ్ళు పారుతున్నట్టు ఉంది. అవతల చెన్నరాయప్ప ఏటి ఒడ్డున నిలబడినట్టు కనిపించాడు.

ఆయన తాడు రెండు సార్లు లాగాడు. రెండంటే గట్టిగా పట్టుకో. ఒకటంటే కొంచెం వదులు. మూడంటే టీ. పట్టు తడిస్తే ఒక తీరు, ఆరుతుంటే ఒక తీరు. కొసన ఉన్నవాళ్ళు దానికి తగ్గట్టు తాడు వదులుతూ లాగుతూ ఉండాలి. ఎంత అనేది చేతికి తెలుస్తుంది. మా ఇద్దరికీ ఇన్నేళ్ళలో ఆ మూడు మాటల కంటే పెద్ద అవసరం పడలేదు. ఆయనకు మాటలు వచ్చు, నాకే తక్కువ. నా కోసం ఆయన తగ్గించుకున్నాడేమో.

దారం కొంచెం వణుకుతోంది. కార్తీకం గాలి.

నవంబరు 9, ఆదివారం

రెండో సందు. గుడి గోడ పక్కన. పొడవు సరిపోయింది, నీడ సరిపోయింది. నాకు నచ్చింది. చెన్నరాయప్ప చెంబు నీళ్ళు తెప్పించి నేల మీద పోశాడు.

"చూడు నారాయణా, నీళ్ళు అట్లా జారిపోతాండాయి. వాటం ఉండాది. గంజంతా నీ కొసకే వస్తాది."

భాగీరథమ్మ నవ్వింది. "మీరిద్దరూ సందు చూస్తాండారా, పెండ్లికూతుర్ని చూస్తాండారా? మొన్నదానికి మెడ పొట్టి, దీనికి ముక్కు వంకర. ఇట్లయితే బ్రహ్మచారులుగా పోతారు."

"నీకేం, కుంచె పట్టుకొని షికారు పోయినట్టు పోతావు. నిలబడేది మేము" అన్నాడు ఆయన.

"షికారా? ఒక్కనాడు మీరు నడవండి నాయనా. నేను కొసన నిలబడి ఆవులిస్తా."

అందరం నవ్వాం. నాకు ఆ వాటం కనిపించలేదు. ఆయన కళ్ళు మంచివి.

నవంబరు 12, బుధవారం

గౌరమ్మను కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. మెట్రో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఎంత పొడుగు. ఎంత తిన్నన. పైన కప్పు. అడుగులు లెక్కపెడుతూ నడిచాను. నాలుగు పడుగులు ఒకదాని వెనక ఒకటి వేయొచ్చు. కళ్ళు మూసుకుంటే కుంకుమ రంగు పడుగు ఆ కొస నుంచి ఈ కొస దాకా పరుచుకుంది. దాని కిందుగా రైలు మెల్లగా వచ్చింది, ఒక్క దారం కదలలేదు.

గార్డు ఈల ఊదాడు. నేను పసుపు గీత దాటి ఉన్నాను.

ఆసుపత్రి వరండా కూడా బాగుంది. యాభై గజాలు ఉంటుంది. గౌరమ్మ, "డాక్టరు నన్ను చూస్తాండాడు, నువ్వు నేలను చూస్తాండావు" అంది.

నవంబరు 14, శుక్రవారం

ఆనేకల్ నుంచి దేవరాజ్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ వాడు, సొంత మగ్గాలు ఆరు. వాళ్ళ నాన్న కాలం నుంచి పడుగులు మా దగ్గరికే. సంగతి చెప్పాను.

"అయ్యో, దానికింత ఆలోచనా? మా వీధికే వచ్చేయండప్పా. మా గోడ పక్కన తిన్నని బాట ఉండాది. ఎవరూ అడిగేవాళ్ళు లేరు. మా అమ్మ మాటంటే వీధి వీధంతా వింటాది" అన్నాడు.

నాకు గుండె తేలికయింది. చెన్నరాయప్ప వైపు చూశాను.

"ఆనేకల్‌లో గాలి ఎక్కువ" అన్నాడు.

"మీరు చూసినారా అన్నా?"

"చూసేదేముంది. ఊరి బయట కదా. గాలి ఎక్కువ."

దేవరాజ్ ఒక పెండ్లి పడుగు ఇచ్చిపోయాడు, వంకాయ రంగు. డిసెంబరు పదికల్లా మగ్గం ఎక్కాలట.

నవంబరు 16, ఆదివారం

మూడో సందు. నాలుగో సందు. రెండూ కాదన్నాడు.

నవంబరు 18, మంగళవారం

చెన్నరాయప్ప మా ఇంట్లోనే తింటాడు. వదిన పోయినప్పటి నుంచి అంతే. ఈమధ్య టీ అర గ్లాసు చాలంటాడు. గౌరమ్మ పైదాకా పోస్తే కోప్పడ్డాడు. ఆమె లోపలికి వచ్చి నాతో, "ఆయనకు ఏమయ్యింది?" అంది.

"వయసు. టీ తగ్గించుకుంటాండాడు" అన్నాను.

మంచిదే కదా, తగ్గించుకోవడం.

నవంబరు 20, గురువారం. అమావాస్య

అమావాస్యకు పడుగు వేయం. మారతహళ్ళిలో చెన్నరాయప్ప కూతురు అంబిక ఇంటికి భోజనానికి పోయాం. ఎనిమిదో అంతస్తు. కిటికీలో నుంచి చూస్తే కింద రోడ్డు మీద కార్లు ఆగి ఆగి కదులుతున్నాయి. మగ్గంలో పేక నాడె అటూ ఇటూ పోయినట్టు.

అంబికకు తండ్రిని తన దగ్గర పెట్టుకోవాలని. "ఎన్నాళ్ళు నాన్నా ఆ సందు? మా కింద బేస్‌మెంట్ కంటే తిన్నగా ఉందా అది?" అంది నవ్వుతూ.

భోజనమయ్యాక అది చూపించమన్నాను. నేను నోరు తెరిచి అడిగానని అంబిక ఆశ్చర్యపోయింది.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. నేను కాసేపు బయటికి అడుగు పెట్టలేదు.

రెండు పక్కలా కార్లు. మధ్యలో నున్నటి నేల. ఆ కొస నుంచి ఈ కొస దాకా ఎక్కడా వంకర లేదు. ఎండ లేదు, గాలి లేదు, కుక్క లేదు, తలుపు తీసి నీళ్ళు చిమ్మేవాళ్ళు లేరు. తెల్లటి దీపాలు. మా అడుగుల చప్పుడు మాకే తిరిగి వినిపించింది. కొలిచాను. నలభై ఆరు గజాలు.

నలభై రెండేళ్ళు గాలిని తిట్టుకున్నాం, ఎండను తిట్టుకున్నాం. అవి రెండూ లేని చోటు భూమి కింద ఉంది.

చెన్నరాయప్ప నేలా గోడలూ చూశాడు. ఆయనకు ఏ వంకా దొరకలేదు. "ఒకసారి వేసి చూద్దామన్నా" అన్నాను. తల ఊపాడు.

కూతురింటి కిందే పని. పైన కూతురు, కింద పడుగు. నేను రోజూ బస్సులో పోతాను. నాకేం కష్టం.

నవంబరు 27, గురువారం

అంబిక ఫోను చేసింది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గిరిధర్ ఒప్పుకున్నాడట. ఆదివారం పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఎవరూ కారు తీయరు. దేవరాజ్ పడుగు అక్కడే వేద్దామన్నాను.

నవంబరు 30, ఆదివారం

అనుకున్నట్టే వేశాం. బాగానే జరిగింది.

ఎలా జరిగిందో రాసి పెడతాను.

గంజి కుండ ఆటోలో తీసుకుపోయాం. భాగీరథమ్మ కుండను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, చంటిబిడ్డలా. ఆరున్నరకు పడుగు పరిచాం. ఆ తెల్ల దీపాల కింద వంకాయ రంగు ఎంత లోతుగా ఉందంటే కాలు పెడితే మునిగిపోతామనిపించింది. పైనుంచి పిల్లలు, పెద్దలు చూడటానికి వచ్చారు. ఒకామె, "అంకుల్, ఇది ఏం ఈవెంట్?" అని అడిగింది.

"ఈవెంట్ కాదమ్మా, చీర. ఇంకా పుట్టలేదు" అంది భాగీరథమ్మ.

కాసేపటికి అందరూ టిఫిన్లకు పోయారు. భాగీరథమ్మ రెండోసారి గంజి కలపడానికి పక్కకు పోయింది. మేమిద్దరం రెండు కొసల నిలబడి ఉన్నాం. ఉన్నట్టుండి దీపాలు ఆరిపోయాయి. అక్కడ మనిషి కదలకపోతే దీపాలు ఆరిపోతాయట. మా పనే కదలకుండా నిలబడటం.

చీకట్లో ఏమీ కనిపించలేదు. తాడు మాత్రం నా చేతిలో ఉంది. తాడు వెనక పడుగు, పడుగు వెనక ఆయన. కళ్ళకు ఏమీ లేనప్పుడు చేతికి చాలా తెలుస్తుంది. నేను ఆ నలభై గజాలూ దారం మీద నడిచి ఆయన దగ్గరికి పోయినట్టు అయింది.

దారం వణుకుతోంది. సన్నగా, ఆగకుండా.

అక్కడ గాలి లేదు.

ఏదో ఫ్యాను ఉండి ఉంటుంది.

భాగీరథమ్మ కుండ పట్టుకుని రాగానే దీపాలు వెలిగాయి. చెన్నరాయప్ప నా వైపే చూస్తున్నాడు. రెండు చేతులతో తాడు పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడూ ఒక్క చేత్తోనే పట్టేవాడు.

తొమ్మిదయినా పడుగు ఆరలేదు. పదికి కార్లవాళ్ళు హారన్లు మొదలుపెట్టారు. గిరిధర్ వచ్చి మర్యాదగానే అడిగాడు. ఇంకా చెమ్మ ఉండగానే చుట్టేశాం. ఇంటికి పోయాక ఆరుతుందనుకున్నాం.

డిసెంబరు 2, మంగళవారం

దేవరాజ్ వచ్చాడు. నిన్న మేము పంపిన పడుగు పోయింది. దారాలన్నీ ఒకదానికొకటి అంటుకుని అట్ట కట్టాయట. నేనేమీ అనలేదు.

డిసెంబరు 3, బుధవారం

నిన్నటిది సరిగా రాయలేదు.

దేవరాజ్ చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు. చెన్నరాయప్ప భోజనం చేస్తున్నాడు.

"మా నాన్న కాలం నుంచి ఇట్లా కాలేదప్పా. పెండ్లివాళ్ళకు నేనేం చెప్పేది? ఎవరి చెయ్యి ఇది?"

తాడు సడలితే దారాలు అంటుకుంటాయి. ఇది నేతవాళ్ళందరికీ తెలుసు. అందుకే అలా అడిగాడు.

చెన్నరాయప్ప చేయి కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకున్నాడు. "నా కొస" అన్నాడు.

దేవరాజ్ నన్ను చూశాడు. గౌరమ్మ నన్ను చూసింది. చెన్నరాయప్ప కూడా చూశాడు. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను. పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు మధ్యలో దూరడం మా ఇంట్లో అలవాటు లేదు. ఏమనాలో కూడా తెలియలేదు. అనాల్సింది ఏముంది.

డిసెంబరు 5, శుక్రవారం

చెన్నరాయప్ప సంచి సర్దుకుని మారతహళ్ళికి పోయాడు. రెండు రోజులే. కూతురు రమ్మంది.

డిసెంబరు 6, శనివారం

ఆయన కొసను రాతి స్తంభానికి కట్టి పడుగు వేశాం. తడిసి బిగిసినప్పుడు వదిలేవాళ్ళు లేరు. పదకొండు దారాలు తెగాయి. కూర్చుని ఒక్కొక్కటే అతికాను.

మధ్యాహ్నం గౌరమ్మను నిలబెట్టాం. బావిలో నీళ్ళు తోడినట్టు లాగింది. "నెమ్మదిగా అక్కా, అది పట్టు, నీ మొగుడి చెవి కాదు" అంది భాగీరథమ్మ.

నవ్వాను కానీ నవ్వు రాలేదు.

డిసెంబరు 8, సోమవారం

ఫోను చేశాను. అంబిక ఎత్తింది. "నాన్న స్నానం చేస్తాండారు మామా."

డిసెంబరు 9, మంగళవారం

ఫోను చేశాను. స్నానం చేస్తున్నాడు.

డిసెంబరు 10, బుధవారం

భాగీరథమ్మ కుంచె కడుగుతూ అడిగింది. "అన్న ఎందుకు రాలేదో నీకు తెలీదా?"

"రెండు రోజులకని పోయినాడు."

"ఆరు రోజులైంది. దేవరాజ్ వచ్చిన పొద్దు మీ ఇంట్లో నుంచి బయటికొచ్చి నాతో ఏమన్నాడో తెలుసా? నా చెయ్యి పడుగును చంపేసింది భాగీరథీ, ఇంక నేను కొస పట్టకూడదు అన్నాడు. నేనన్నా, అన్నా, అక్కడ గాలే లేకుండా ఉండాది, గంజి యాడ ఆరతాది, నాకే తెలుస్తాండాదే అని. ఆయన వింటేగా. నారాయణకు తెలుసు, చీకట్లో వాడికి తెలిసిపోయింది, అందుకే నోరు తెరవలేదు అన్నాడు."

నేను కుంచె తీసుకుని మళ్ళీ కడిగాను. అప్పటికే శుభ్రంగా ఉంది.

"నీకు నోరిచ్చినాడు కదప్పా దేవుడు, దాన్ని కూడా గంజి పెట్టి ఆరబెట్టినావా?" అంది.

డిసెంబరు 11, గురువారం

ఫ్యాను లేదు. ఆ రోజే తల ఎత్తి చూశాను. ఫ్యాను లేదు.

డిసెంబరు 14, ఆదివారం

మెట్రోలో బొమ్మసంద్ర దాకా, అక్కడి నుంచి బస్సులో ఆనేకల్ పోయాను. ఒక్కడినే. ఒంటరిగా ఊరు దాటి ఎన్నేళ్ళయిందో. కిటికీ పక్కన కూర్చున్నాను. మబ్బు పట్టి ఉంది. ఫ్యాక్టరీ గోడలు, పూల తోటలు, మళ్ళీ గోడలు. అన్నీ నీళ్ళలో నుంచి చూసినట్టు మెత్తగా పోతున్నాయి. దేవరాజ్‌తో ఏమనాలో దారి పొడుగునా మనసులో వల్లె వేసుకున్నాను. వాకిట్లోకి పోగానే అంతా మరిచిపోయాను.

"ఆ పడుగు చూపించు" అన్నాను. అంతే వచ్చింది.

అటక మీద పడేసి ఉంది. దించాడు. ఇద్దరం కలిసి వాకిట్లో విప్పాం. ఎండిపోయి, తడికలా గలగలమంది. చెన్నరాయప్ప కొస చూశాను. దారాలు అంటుకుని ఉన్నాయి. పాకుకుంటూ నా కొసకు పోయాను. అక్కడా అంతే అంటుకుని ఉన్నాయి. మధ్యలో ఇంకా ఎక్కువ. ఆయన చెయ్యి సడలి ఉంటే ఆయన వైపు ఎక్కువ, నా వైపు తక్కువ ఉండాలి. వేలితో గజం గజం తడుముకుంటూ వచ్చాను. మోకాళ్ళు పట్టేశాయి.

"గాలి లేక" అన్నాను.

దేవరాజ్ వంగి చూశాడు. రెండు కొసలూ పట్టుకుని చూశాడు. తలకాయ గోక్కున్నాడు.

"మరి చెన్నరాయన్న నా కొస అన్నాడే?"

నేను నేల చూశాను. ఈసారి మాత్రం నోరు తెరిచాను. "తప్పు నాది. ఆ చోటు ఎంచింది నేను. గాలి లేని చోట గంజి ఆరదని నాకు తెలిసి ఉండాల. ఆ పొద్దే నీకు చెప్పాల్సింది. చెప్పలేదు." ఇంత పొడుగు మాట నేను ఎవరితోనూ అనలేదు.

వాళ్ళమ్మ కెంపమ్మ గడపలో కూర్చుని అంతా వింటోంది. అరవై దాటాయి. "మా పెండ్లిచీర పడుగుకు తాడు పట్టిన మనిషినా వీడు అట్లా అడిగింది?" అని కొడుకు మీద లేచింది. "పెండ్లివాళ్ళకు వేరే చీర ఇస్తివి కదా, వాళ్ళు సంతోషంగా తీసుకపోయిరి కదా. నోరు మూసుకొని బాట చూపించు."

బాట చూశాను. దేవరాజ్ ఇంటి వెనక పాత గోడ, ఆ గోడ పొడవునా బాట. నలభై నాలుగు గజాలు. నీడ ఎనిమిదిన్నర దాకా. గాలి ఉంది. రాగి చేల మీద నుంచి గోడ దాటి వచ్చేసరికి నెమ్మదైపోతుంది. మన సందులో గాలి లాంటిదే. నేలకు వాటం లేదు. నేనూ చెంబు నీళ్ళు పోసి చూశాను. నీళ్ళు ఎటూ పోలేదు. పోసిన చోటే ఇంకిపోయాయి.

గోడ కొసన ఒక గది ఉంది. అందులో రెండు మంచాలు పడతాయి.

శుక్రవారం అమావాస్యకు వీధివాళ్ళు పంచాయితీకి కూర్చుంటారట. ఆ బాట పక్కన షెడ్డు వేసుకుంటామని ఇంకెవరో అడుగుతున్నారు. "అమావాస్యలోగా వస్తామనో రామనో చెప్పండప్పా. ఇద్దరూ వస్తేనే. ఒక్కరితో అయ్యే పని కాదు కదా ఇది" అన్నాడు దేవరాజ్.

తిరుగు బస్సులో కళ్ళు మూసుకున్నాను. ఆ బాట మీద పడుగు ఏ రంగుదో గుర్తు రావడం లేదు. అవతలి కొసన మనిషి ఉన్నాడా లేడా అని చూడబోయాను. చందాపురలో బస్సు ఆగి మెలకువ వచ్చింది.

డిసెంబరు 16, మంగళవారం

అన్నా,

ఫోనులో నాకు మాట రాదు. వచ్చినా నువ్వు స్నానంలోనే ఉంటావు. అందుకని రాస్తున్నాను. వేరే కాగితం మీద రాసి పంపుదామనుకున్నాను. నాలుగు సార్లు రాసి నాలుగు సార్లు చించాను. పుస్తకమే పంపిస్తున్నాను. ముందు నుంచి చదువు. నీ గురించి కొన్ని మాటలు ఉన్నాయి. నా గురించి అబద్ధాలు కూడా ఉన్నాయి. ఏదీ కొట్టేయలేదు.

ఆ పడుగును నీ చెయ్యి చెడపలేదు. నేను ఆనేకల్ పోయి విప్పి చూశాను. నా కొసన కూడా అంతే అంటుకుని ఉంది. గాలి లేక ఆరలేదు. దేవరాజ్ కూడా చూశాడు. ఒప్పుకున్నాడు. నిన్ను అలా అడిగినందుకు వాళ్ళమ్మ వాడికి ఇంకా అన్నం సరిగా పెట్టడం లేదట.

ఇంకో మాట ఉంది. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. ఆ పొద్దు దేవరాజ్ అడిగినప్పుడు నేను నోరు తెరవలేదు. సిగ్గు వల్ల అని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఆ క్షణం నేనూ నీ చెయ్యే అనుకున్నాను. చీకట్లో నాకు తెలిసింది, నిజం. నువ్వు నా మొహం చూసి కనిపెట్టావు. అందుకే పోయావు. నన్ను మన్నించు.

నీ చెయ్యి వణుకుతోంది. ఇది ఈరోజుదో నిన్నటిదో కాదు. ఇప్పుడు వెనక్కి ఆలోచిస్తే మూడేళ్ళుగా నేను గాలి గాలి అనుకుంటూనే ఉన్నాను. ఆ మూడేళ్ళలో మన చేతుల మీదుగా పోయిన పడుగు ఒక్కటి తిరిగి రాలేదు. నువ్వు చూడకుండానే ఆనేకల్‌లో గాలి ఎక్కువ అన్నావు. గుడి గోడ పక్కన వాటం ఉందన్నావు. నేను నిన్న ఒక్కడినే అక్కడికి పోయి మళ్ళీ నీళ్ళు పోశాను. వాటం లేదన్నా. సందు దొరక్కపోతే పని దానంతట అదే ఆగిపోతుంది, చెయ్యి సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు అనుకున్నావు. నేనైనా అదే చేసేవాణ్ణి.

రాతి స్తంభం వణకదు. దానికి కట్టి చూశాను. పదకొండు తెగాయి.

ఆనేకల్ బాట బాగుంది. గది ఉంది. వారంలో నాలుగు రోజులు అక్కడ ఉండొచ్చు, మిగతా మూడు రోజులు నువ్వు అంబిక దగ్గర, నేను గౌరమ్మ దగ్గర. తాడు రెండు చేతులతో పట్టుకో. కూర్చుని పట్టుకో. కెంపమ్మ తన ముక్కాలి పీట ఇస్తానంది. ఎక్కువ వణికిన రోజు ఒకసారి లాగు, నా వైపు నుంచి నేను చూసుకుంటాను. అది మనకు కొత్త కాదు, ఇన్నాళ్ళూ చెప్పుకోకుండా చేశాం. ఇప్పుడు తెలిసి చేస్తాం.

రాలేనంటే అది కూడా చెప్పు. కోపం లేదు. నువ్వు రాకపోతే నేను ఇంకొకరిని వెతకను. బాట షెడ్డుకు ఇచ్చేస్తారు. నేతవాళ్ళు వేరే దారి చూసుకుంటారు. నేను ఇంట్లో గౌరమ్మ మాటలు వింటాను.

ఈ పుస్తకం భాగీరథమ్మ రేపు పొద్దున తెచ్చి నీ చేతికే ఇస్తుంది, అంబికకు ఇవ్వదు. స్నానం అంటే కూర్చుంటానంది. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. నీ జవాబు అందులోనే రాయి. అక్షరాలు వంకర పోతాయని అంబిక చేత రాయించవద్దు. నీ చేత్తో రాయి. ఎంత వణికినా నేను చదువుకోగలను.

శుక్రవారమే అమావాస్య. గురువారం సాయంత్రానికల్లా నాకు అందేట్టు, త్వరగా జవాబు రాయి అన్నా.

నారాయణప్ప